మిలిటరీలో వచ్చిన బీపీకి డిజేబిలిటీ పింఛను: మొదటి అప్పీలు కూడా తిరస్కరించాక ఏ దారి?

గిద్దలూరు ఇల్లాలు:

సభ్యులందరికీ నమస్కారం. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా, గిద్దలూరు వైపు ఒక పల్లె. మావారు 1997లో పందొమ్మిదేళ్ల వయసులో సైన్యంలో చేరి, 24 ఏళ్ల సర్వీసు పూర్తిచేసి, 2021 జూన్ నెలాఖరున హవల్దార్ హోదాలో ఇంటికి వచ్చారు. 2012లో ఆయనకు బీపీ ఉన్నట్లు సైనిక ఆసుపత్రిలో తేల్చి మెడికల్ కేటగిరీ తగ్గించారు. ఆ కారణం చూపించే చివర్లో రెండేళ్ల ఎక్స్‌టెన్షన్ కూడా ఇవ్వలేదు. విడుదలకు ముందు జరిగిన రిలీజ్ మెడికల్ బోర్డు వైకల్యాన్ని జీవితకాలానికి 30 శాతంగా నిర్ణయించింది గానీ, ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చినదీ కాదు, సర్వీసు వల్ల ముదిరినదీ కాదు అని రాసింది. ఆ మాటను పట్టుకొని మా క్లెయిమును తిరస్కరించారు. గడువులోగానే మొదటి అప్పీలు వేశాము. 2023లో అదీ తిరిగి వచ్చింది. సరిహద్దు, పోరాట విధులు లేని శాంతి ప్రాంతంలో ఉండగా జబ్బు బయటపడిందని, ఫీల్డు సర్వీసు ఒత్తిడితో దీనికి దగ్గరి సంబంధం లేదని ఒక్క వాక్యం తప్ప ఆ ఉత్తరంలో మరే వివరణా లేదు.

మందులు మాజీ సైనికుల ఆరోగ్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో దొరుకుతున్నాయి, సర్వీసు పింఛను నెలనెలా పడుతోంది, కనుక మాకు పూట గడవని పరిస్థితి లేదు. మావారైతే ఈ వ్యవహారం వదిలేయమంటున్నారు. కాళ్లూ చేతులూ బాగున్న మనిషి వైకల్యమని అడగడం ఆయనకు నామోషీగా ఉంది. ఫిట్‌గా చేరిన మనిషి అన్‌ఫిట్‌గా తిరిగి వచ్చినప్పుడు, మధ్యలో ఏం జరిగిందో చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదా అన్నది నా ప్రశ్న. రెండో అప్పీలు ఇప్పుడు వేయవచ్చా, లేక నేరుగా సైనికుల కేసులు వినే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పాత హెడ్ క్లర్క్:

అమ్మా, నేను రికార్డుల పనిలోనే సుబేదార్‌గా రిటైరైన వాడిని. అప్పీలు ఎక్కడ వేయాలో తర్వాత చూద్దాం. ముందు మీ చేతిలో ఏ కాగితాలు ఉన్నాయో చెప్పండి. చాలామంది దగ్గర డిశ్చార్జి పుస్తకం, పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు), తిరస్కరణ ఉత్తరం మాత్రమే ఉంటాయి. ఈ మూడింటితో కేసు నడవదు. మెడికల్ బోర్డు మొత్తం ప్రొసీడింగ్స్, అంటే ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్-16 అనే ఫారం, మొదటి పేజీ నుంచి చివరి సంతకం దాకా కావాలి. ఆ ఫారంలో మీవారు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఏ చోట పనిచేశారు, అది ఫీల్డా పీసా అన్న పట్టిక ఒకటి ఉంటుంది. కమాండింగ్ ఆఫీసరు ఇచ్చే వాంగ్మూలం, స్పెషలిస్టు అభిప్రాయం, ఆ తర్వాత బోర్డు రాసిన కారణం ఉంటాయి. దానితోపాటు 2012లో కేటగిరీ తగ్గించినప్పటి బోర్డు కాగితాలు, చేరినప్పటి వైద్య పరీక్ష నకలు, షీట్ రోల్ (సర్వీసు వివరాల పట్టిక) నకలు కూడా అడగండి. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, విడుదల తేదీ రాసి, మీవారి సంతకంతో రికార్డు ఆఫీసుకు ఒక దరఖాస్తు పంపండి. నెల గడిచినా కదలిక లేకపోతే, పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు చట్టం కింద అడగండి. తన వైద్య కాగితాలు తానే అడుగుతున్నాడు కనుక గోప్యత అనే అభ్యంతరం రాదు. అందుకే దరఖాస్తు మీ పేరున గాక ఆయన పేరున వెళ్లాలి.

ఇంకొక్క మాట. 2012లో జబ్బు బయటపడిన చోటు శాంతి ప్రాంతమే కావచ్చు. ఆయన 2011లో ఎక్కడ ఉన్నారు?

విశ్రాంత వైద్యాధికారి:

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసి, ఇటువంటి బోర్డులలో కూర్చున్నవాడిని. ఇక్కడ నా మాట కొందరికి రుచించకపోవచ్చు, అయినా రెండో పక్క కూడా వినడం ఆ కుటుంబానికి మేలు. బీపీ, మధుమేహం పల్లెలో వ్యవసాయం చేసుకొనేవారికీ, బ్యాంకులో కూర్చొనేవారికీ నలభై దాటేసరికి వస్తున్నవే. యూనిఫాం వేసుకున్న రోజులలో బయటపడినంత మాత్రాన యూనిఫామే కారణమని వైద్యుడు రాయలేడు. పింఛను అర్హతను నిర్ణయించే 2008 నాటి ఎంటైటిల్‌మెంట్ రూల్స్‌లో ఐదవ నియమం ఈ సంగతినే చెబుతుంది. చేరేటప్పటి వైద్య పరీక్ష పరిమితమైనదనీ, లోపల నిద్రాణంగా ఉన్న జబ్బులను అది పట్టుకోలేకపోవచ్చనీ, సర్వీసులో బయటపడటమే సర్వీసు కారణమనడానికి రుజువు కాదనీ అందులో ఉంది. ఈ సోదరి భర్త 2021లో విడుదలయ్యారు కనుక ఆయనకు వర్తించేవి ఆ 2008 రూల్సే. డిజేబిలిటీ పింఛన్ల తీరుపై ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ కూడా ప్రశ్నలు లేవనెత్తిన సంగతి మరువకూడదు. యుద్ధంలో కాలు పోయినవాడి గౌరవం పలుచన కాకూడదన్నదే నా బాధ.

అయితే ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. ఫీల్డులోనో, ఎత్తైన మంచు ప్రాంతంలోనో, ఉగ్రవాద నిరోధక విధుల్లోనో ఉన్న మనిషికి బీపీ ముదిరితే అది సర్వీసు వల్ల ముదిరినట్లే పరిగణించాలని సైనిక వైద్యుల మార్గదర్శకాలే చెబుతాయి. కనుక సుబేదార్ సాబ్ అడిగిన చివరి ప్రశ్నే ఈ కేసుకు కీలకం.

చెన్నై బెంచ్ వకీలు:

డాక్టర్ గారు ఉటంకించిన నియమం సరైనదే, కానీ దాని పక్కనే ఏడవ నియమం కూడా ఉంది. క్లెయిము చేసేవాడిని సాధారణంగా రుజువు చూపమని అడగకూడదనీ, విడుదలైన 15 ఏళ్ల తర్వాత క్లెయిము చేస్తే మాత్రం రుజువు భారం అతనిపై పడుతుందనీ అది చెబుతుంది. మీవారు విడుదలకు ముందే బోర్డు ఎదుటికి వెళ్లారు, ఆ వెంటనే క్లెయిము నడిచింది, కనుక ఆ భారం మీపై లేదు.

న్యాయస్థానాల వైఖరి తెలుసుకోవాలంటే 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ధరమ్‌వీర్ సింగ్ తీర్పు దగ్గర మొదలుపెట్టాలి. సిగ్నల్స్ కోర్‌కు చెందిన ఒక జవాను మూర్ఛ వ్యాధి కారణంగా విడుదలైతే, చేరేనాటి కాగితాలలో ఆ జబ్బు ఊసు లేనప్పుడు అతడు ఆరోగ్యంగా చేరినట్లే భావించాలనీ, కాదనదలచుకుంటే కారణాలు చూపవలసినది ప్రభుత్వమేననీ, సందేహం వస్తే దాని ప్రయోజనం సైనికుడికే దక్కాలనీ కోర్టు తేల్చింది. అయితే ఈ తీర్పును తాళంచెవిలాగా ప్రతి తలుపుకూ వాడదామంటే కుదరదు. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో అదే సుప్రీంకోర్టు మెడికల్ బోర్డు అభిప్రాయానికే విలువ ఇచ్చి, స్కిజోఫ్రేనియాతో విడుదలైన జవాను క్లెయిమును తోసిపుచ్చింది. మళ్లీ 2025 మే నెలలో రాజుమోన్ కేసులో, కారణాలు రాయని బోర్డు అభిప్రాయం ఆధారంగా పింఛను నిరాకరించడం చెల్లదని చెప్పింది. ఈ మూడింటినీ కలిపి చదివితే, బోర్డు కాగితంలో కారణం ఉందా, ఉంటే అది ఈ మనిషికి సంబంధించిన కారణమా, లేక అందరికీ అచ్చు వేసి పెట్టుకున్న వాక్యమా అన్నదానిపైనే కోర్టు దృష్టి నిలుస్తోందని నాకు అర్థమవుతుంది.

శాంతి ప్రాంతంలో బయటపడిందన్న వాదన విషయానికి వస్తే, 2025 మార్చిలో గవస్ అనిల్ మద్సో కేసులో ఢిల్లీ హైకోర్టు సరిగ్గా దీనినే పరిశీలించింది. అది మధుమేహం కేసు, వర్తించినవి 2008 రూల్సే. జబ్బు బయటపడిన చోటు శాంతి ప్రాంతమైనంత మాత్రాన సర్వీసుతో సంబంధం లేదనడం కుదరదనీ, మరి ఏ కారణం వల్ల వచ్చిందో బోర్డు చెప్పాలనీ అక్కడ తేలింది. చెన్నై బెంచ్ ఆ తీర్పుకు కట్టుబడి ఉండాలని లేదు గానీ, దానిని వారి ముందుంచడానికి అడ్డేమీ లేదు.

విశాఖ నేవీ కోడలు:

గిద్దలూరు వదిన గారూ, మా మామగారు నావికాదళంలో పనిచేశారు. మాది చెవికి సంబంధించిన కేసు. షిప్పు ఇంజన్ గదిలో ఏళ్ల తరబడి పనిచేయడం వల్ల వినికిడి పోయింది. ఆయన కూడా మీవారిలాగే ఊరుకోండని విసుక్కున్నవారే. మేము ఆయనను ఒప్పించిన తీరు చెబుతాను, మీకు పనికి రావచ్చు. ఇది దయాధర్మం కాదు, సర్వీసు నియమాలలో రాసి ఉన్న బకాయి అని మా అత్తగారు ఒకటికి పదిసార్లు చెప్పారు. ప్రావిడెంట్ ఫండులో వంద రూపాయలు తగ్గితే ఊరుకుంటారా అని అడిగారు. ఆ మాటకు ఆయన కాగితాల పెట్టె తెరిచారు.

ఇంకో హెచ్చరిక కూడా చేయాలి. తిరస్కరణ ఉత్తరం వచ్చిన ఇళ్లకు ఫోన్లు చేసి, కేసు గెలిపిస్తామని, వచ్చే బకాయిలో మూడోవంతు ఇస్తే చాలని, రక్షణ పింఛన్ల స్పర్శ్ పోర్టల్ పాస్‌వర్డు చెబితే మిగిలినదంతా తామే చూసుకుంటామని చెప్పే మధ్యవర్తులు ఉన్నారు. స్పర్శ్ లాగిన్ ఎవరికీ ఇవ్వకండి. మీ పింఛను, బ్యాంకు ఖాతా, లైఫ్ సర్టిఫికెట్ అన్నీ అందులోనే ఉంటాయి.

మాధవరం మనవడు:

మిలిటరీ మాధవరం అని పిలిచే తాడేపల్లిగూడెం దగ్గరి ఊరు మాది. ఇంటింటికీ ఒక సైనికుడు ఉన్నట్లే ఇంటింటికీ ఒక పింఛను సమస్య కూడా ఉంది. రెండు సందేహాలు అడుగుతాను. మా అన్నయ్య 2024లో విడుదలయ్యాడు, అతనికి కూడా ఈ తీర్పులన్నీ వర్తిస్తాయా? ఇక తాతగారు చనిపోయిన తర్వాత ఆయన డిజేబిలిటీ క్లెయిమును మా నాయనమ్మ కొనసాగించవచ్చా? మా తమ్ముడు అగ్నివీర్‌గా ఉన్నాడు, అతని సంగతి ఏమిటని అమ్మ కూడా అడుగుతోంది.

చెన్నై బెంచ్ వకీలు:

తమ్ముడూ, 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్ అమలులోకి వచ్చాయి. ఆ తేదీ తర్వాత విడుదలైనవారికి అవే వర్తిస్తాయి, వెనుకటివారికి వర్తించవని రక్షణ మంత్రిత్వ శాఖే చెప్పింది. వైకల్యంతోనే సర్వీసులో కొనసాగి రిటైరైనవారికి ఇచ్చేదానికి కొత్త రూల్స్‌లో పేరూ లెక్కా మారాయి, కనుక మీ అన్నగారి కేసును ఈ చర్చతో ముడిపెట్టకుండా విడిగా చూపించుకోండి. తాతగారు బతికి ఉండగా రావలసిన, వైకల్యానికి అదనంగా ఇచ్చే డిజేబిలిటీ ఎలిమెంటు బకాయిని ఆయన మరణించిన తేదీ వరకు వారసులు అడగవచ్చు. కానీ నాయనమ్మ గారి కుటుంబ పింఛను పెరగాలంటే ఆయన మరణానికి కూడా సర్వీసే కారణమని తేలాలి, అది వేరే కథ. అగ్నివీరులకు పింఛను లేదు. సర్వీసు కారణంగా వైకల్యం కలిగితే 100, 75, 50 శాతాలకు వరుసగా 44, 25, 15 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఒకేసారి ఇస్తారు.

గిద్దలూరు ఇల్లాలు:

అందరికీ కృతజ్ఞతలు. విశాఖ చెల్లెలు చెప్పిన ప్రావిడెంట్ ఫండు మాట మా ఇంట్లోనూ పనిచేసింది, మావారు దరఖాస్తుపై సంతకం పెట్టారు. రికార్డు ఆఫీసు నుంచి బోర్డు ప్రొసీడింగ్స్ నకలు వచ్చింది. సుబేదార్ గారు అడిగిన ప్రశ్నకు సమాధానం అందులోని పోస్టింగుల పట్టికలోనే ఉంది. 2009 చివరి నుంచి 2012 మార్చి వరకు ఆయన కశ్మీరులోని కుప్వాడాలో ఫీల్డు విధుల్లో ఉన్నారు. ఏప్రిల్‌లో శాంతి ప్రాంతానికి బదిలీ అయ్యారు. ఆగస్టులో తలనొప్పి, కళ్లు తిరగడం వల్ల ఆసుపత్రిలో చేరితే బీపీ అని తేల్చారు. కుప్వాడాకు ముందు ఈశాన్యంలోనూ, అంతకు ముందు లడఖ్ వైపూ పనిచేసినట్లు అదే పట్టికలో ఉంది. 2012 తర్వాత మళ్లీ 2016 నుంచి 2018 దాకా ఫీల్డులోనే ఉంచారు. ఆ కాలంలో మందుల మోతాదు పెంచినట్లు రివ్యూ బోర్డు కాగితంలో రాసి ఉంది. బోర్డు రాసిన కారణంలో మాత్రం వీటిలో ఒక్కటీ ప్రస్తావనకు రాలేదు.

డాక్టర్ గారిని ఒక్కటి అడగాలని ఉంది. ఏప్రిల్‌లో ఫీల్డు నుంచి దిగి ఆగస్టులో జబ్బు బయటపడితే, ఆ జబ్బు ఆ నాలుగు నెలల్లోనే పుట్టిందని వైద్యశాస్త్రం చెబుతుందా?

విశ్రాంత వైద్యాధికారి:

చెప్పదమ్మా. బీపీ చాలాకాలం లక్షణాలు లేకుండానే నడుస్తుంది. తలనొప్పితో ఆసుపత్రికి చేరిన రోజు జబ్బు పుట్టిన రోజు కాదు, కొలిచిన రోజు మాత్రమే. అదీగాక, జబ్బు తేలిన తర్వాత ఆయనను మళ్లీ ఫీల్డుకు పంపి, అక్కడ మోతాదు పెంచవలసి వచ్చిన దాఖలా ఉన్నప్పుడు, సర్వీసు వల్ల ముదరలేదని రాయాలంటే బోర్డు గట్టి కారణమే చూపాలి. నేను ఆ బోర్డులో ఉంటే ఈ పట్టిక చూశాక ఆ వాక్యం రాసేవాడిని కాను. సర్వీసే పుట్టించిందని వాదించడం కంటే సర్వీసు వల్ల ముదిరిందని వాదించడం మీకు బలమైన దారి. పింఛను విషయంలో రెండింటి ఫలితం ఒకటే.

పాత హెడ్ క్లర్క్:

డాక్టర్ సాబ్ చెప్పినది అప్పీలులో మొదటి పేరాగా రావాలి. అప్పీళ్లలో జనం ఎక్కువగా ఇంటి కష్టాలు, పిల్లల చదువులు, దేశసేవ గురించి నాలుగు పేజీలు రాస్తారు. చదివే అధికారి చేతిలో ఒక ఫైలు, ఒక నియమావళి మాత్రమే ఉంటాయి, ఆయన దేశభక్తిని కొలవలేడు. కనుక తేదీలు రాయండి, ఆ తేదీ బోర్డు కాగితంలో ఏ పేజీలో ఉందో రాయండి, నకలు జతచేయండి. 2012 మార్చి దాకా కుప్వాడా, ఆగస్టులో నిర్ధారణ, 2016 నుంచి ఫీల్డు, అక్కడ మోతాదు పెంపు, ఇవన్నీ ప్రభుత్వ కాగితాలే. వాటిని కాదనాలంటే వాళ్లు తమ కాగితాన్ని తామే కాదనాలి.

చెన్నై బెంచ్ వకీలు:

ఇక గడువు, డబ్బు. మొదటి అప్పీలు తిరస్కరించిన ఆరు నెలలలోపు రెండో అప్పీలు వేయాలి, అది దాటింది. అయినా ఆలస్యానికి కారణం రాసి, బోర్డు కాగితాలు ఇప్పుడే చేతికి వచ్చాయని చూపి, రెండో అప్పీలు స్పీడు పోస్టులో పంపండి. ఆరు నెలల్లో జవాబు రాకపోయినా, వ్యతిరేకంగా వచ్చినా సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి. రిటైరైన సైనికుడు తాను నివసించే ప్రాంతపు బెంచ్‌లో కేసు వేసుకోవచ్చు కనుక, రికార్డు ఆఫీసు ఉన్న ఊరికి పరుగెత్తనవసరం లేదు. ట్రిబ్యునల్ చట్టంలోనూ ఆరు నెలల గడువు ఉంది గానీ, పింఛను రాకపోవడం ప్రతి నెలా కొత్తగా జరుగుతున్న నష్టం కనుక ఆలస్యమొక్కటే కారణంగా కేసును కొట్టివేయరు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఇదే. కాకపోతే అదే తీర్పు ప్రకారం బకాయిని సాధారణంగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకు పరిమితం చేస్తారు. అంటే మీరు ఆగిన ప్రతి నెలకూ వెనుకనుంచి ఒక నెల బకాయి పోతున్నట్లే.

నూరు శాతం వైకల్యానికి డిజేబిలిటీ ఎలిమెంటు చివరి వేతనంలో 30 శాతం. మాటవరసకు చివరి వేతనం 50,000 అనుకుంటే, నూరు శాతానికి 15,000, 30 శాతానికి 4,500 రూపాయలు. అయితే 50 లోపు శాతాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదానిని 75గా, ఆ పైన నూరుగా లెక్కించే పద్ధతి 2001 జనవరి 31 నాటి ఉత్తర్వుతో వచ్చింది. ఆరోగ్యం చెడిందని మధ్యలోనే ఇన్‌వాలిడ్ చేసి పంపినవారికే గాక, సర్వీసు ముగించి రిటైరైనవారికి కూడా అది దక్కాలని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక మీ లెక్క 7,500 రూపాయలు, దానిపై డీఆర్ (కరువు భృతి) అదనం. అప్పీలులోనే ఈ రౌండింగ్‌ను కూడా కోరండి. మొదట అడగక, గెలిచిన తర్వాత దానికోసం రెండో కేసు వేసినవారు నాకు తెలుసు.

వకీలు ఫీజు భారమనుకుంటే ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. జాతీయ న్యాయ సేవల సంస్థ 2025 జూలైలో వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది, సైనిక బోర్డుల దగ్గర ఉచిత న్యాయ సహాయం అందించడమే దాని ఉద్దేశం.

గిద్దలూరు ఇల్లాలు:

అప్పీలు ముసాయిదా రాయడం మొదలుపెట్టాము. తేదీలు నేను చదువుతుంటే మావారే రాస్తున్నారు. పేరా 3లో మోతాదు పెంపు గురించి రాశాము. రివ్యూ బోర్డు నకలులో ఒక సంతకం చెరిగిపోయినట్లుంది, దానిని అలాగే జతచేయవచ్చా?

పాత హెడ్ క్లర్క్:

అలాగే జతచేయండి, దిద్దవద్దు. అసలు ప్రతి రికార్డు ఆఫీసులో ఉందని, పోల్చి చూసుకోవలసిందిగా కోరుతున్నామని కింద ఒక వాక్యం రాయండి. ప్రతి నకలు మీదా మీవారి సంతకం, ఆర్మీ నంబరు ఉండాలి. మొత్తం సెట్టు ఇంకొకటి మీ దగ్గర ఉంచుకోండి, స్పీడు పోస్టు రసీదు దానికే పిన్ను చేయండి. ట్రిబ్యునల్‌కు వెళ్లవలసి వస్తే ఆరు నెలల లెక్క ఆ రసీదు నుంచే చూపించాలి.